పాలు విరిగిన రోజు

కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు ఇద్దరు మొన్న మా ఇంటికి వచ్చారు. చాయ్ తాగుతూ, "మేడం, మీ సర్వీసుల మర్చిపోలేని కేసు ఏంది?" అని అడిగారు. పాముకాటో, బస్సులో కాన్పో చెప్తానని ఆశపడ్డట్టున్నారు. నేను పాలు విరిగిన కథ చెప్పాను. ఒకమ్మాయి మధ్యలోనే ఫోన్ చూసుకుంది. రెండో అమ్మాయి చివరిదాకా విని, "మేడం, ఇది రాసిపెట్టండి" అన్నది. ఆ రెండో అమ్మాయి మాట మీదే రాస్తున్నాను. మొదటమ్మాయి కూడా చదివితే మంచిదే. మెదడు జబ్బుల వాళ్ళు ఎక్కువగా వచ్చే వార్డు ఆమెదే.

బాన్సువాడలో నేను నర్సుగా పనిచేసిన ఆఖరి రోజుల సంగతి ఇది. బీర్కూర్ వైపు ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపు ఒకటుంది. కాలువ కింద వరి పొలాలు, ఇంటింటికీ పాడి. ఆ క్యాంపు నుంచి ఒక పెద్దాయనను ఎండాకాలంలో మా దవాఖానకు తెచ్చారు. దగ్గు, జ్వరం, ఆయాసం. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. కానీ అసలు జబ్బు అది కాదు. ఆయనకు ఎన్నో ఏళ్ళుగా పార్కిన్సన్స్, మనవాళ్ళు వణుకుడు జబ్బు అంటారు. పేరుకే వణుకుడు. ముదిరితే వణుకు కంటే బిగుసుకుపోవడమే ఎక్కువ. కాళ్ళు నేలకు అతుక్కుపోతాయి, గొంతు లోపలికి పోతుంది, ముఖంలో నవ్వూ ఏడుపూ ఏవీ కనపడవు. లోపల మనిషి మాత్రం అన్నీ వింటూ, అన్నీ తెలిసి కూర్చుని ఉంటాడు. గొంతు కండరాలు కూడా బిగుసుకోవడంతో మింగే మెతుకు దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోయింది. నెమ్ము అందుకే.

ఆయన వెంట వచ్చింది ఆయన భార్య. సన్నటి మనిషి, నడుముకు కొంగు దోపుకుని రోజంతా నిలబడే ఉండేది. వీళ్ళ తాతలనాడు ఎప్పుడో ఇక్కడికి వచ్చినా ఆమె మాటలో కృష్ణా జిల్లా పోలేదు. మా వార్డు ఊడ్చే ఆయమ్మ బర్రె అంటే ఆమె గేదె అనేది. ఇద్దరికీ రోజూ అదే సరదా వాదన. వార్డులో అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవాళ్ళు.

పెద్దమ్మకు ఒక గేదె ఉంది. దాని గురించి చెప్పకపోతే ఈ కథ నడవదు. కొడుకు పొద్దున్నే బండి మీద స్టీలు క్యానులో పాలు తెచ్చి ఇచ్చేవాడు. చెంచా నిలబడేంత చిక్కటి పాలు. హోటల్లో వేడి చేయించుకొచ్చి ముందు ఆయనకు ఇచ్చి, మిగిలినవి మా నర్సుల గదికి పంపేది. మేము వద్దన్నట్టే అని తీసుకునేవాళ్ళం. ఆ కొద్దిరోజులు మా గదిలో చాయ్‌కి ఎంత పేరొచ్చిందంటే, పక్క వార్డు వాళ్ళు కూడా ఏదో పని కల్పించుకుని వచ్చేవాళ్ళు.

మందులతో జ్వరం దిగింది. ఆయాసం తగ్గింది. కానీ పెద్దాయన మాత్రం కర్రలాగే ఉన్నాడు. పక్కకు తిప్పాలన్నా ఇద్దరం పట్టాల్సి వచ్చేది. మా డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల, హైదరాబాద్‌లో చదువుకుని వచ్చింది. ఓపికగల మనిషి. నిజామాబాద్‌లో ఆయనను చూసే నరాల డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి వణుకుడు బిళ్ళ డోసు కాస్త పెంచింది. అయినా తేడా లేదు.

"అమ్మా, ఈ బిళ్ళ ఖాళీ కడుపున ఇవ్వాలి. అలాగే ఇస్తున్నారా?" అని డాక్టరమ్మ నా ముందే పెద్దమ్మను అడిగింది.

"ఖాళీ కడుపునే తల్లీ. నిజామాబాద్ డాక్టరు గారు మొదట్లోనే చెప్పాడు. మెతుకు ముట్టనివ్వను" అంది పెద్దమ్మ.

అబద్ధం చెప్పే మనిషి కాదు. డాక్టరమ్మ నమ్మింది, నేనూ నమ్మాను.

అన్నిటికన్నా పెద్ద కష్టం తిండి దగ్గర వచ్చింది. పాలైతే ఎట్లాగో మింగేవాడు గానీ, చెంచాతో అన్నం పెడితే పెద్దాయన పెదాలు బిగించేసేవాడు. బలవంతంగా పెడితే పొలమారి, కళ్ళు ఎర్రబడి, చూసేవాళ్ళకు ప్రాణం పోయినంత పనయ్యేది. ఒకరోజు నేను ఆయన నోటి దగ్గర చెవి పెట్టి, "ఎందుకు పెద్దయ్యా తింటలేవు?" అని అడిగాను. చాలాసేపటికి, తెర వెనక నుంచి వచ్చినట్టు ఒక మాట వచ్చింది.

"నా చేత్తో... తింటా."

ఆ చెయ్యి పక్క మీద బిగుసుకుని పడి ఉంది.

"నాట్లప్పుడు కూలోళ్ళతో కలిసి గట్టు మీద కూర్చుని తినేవాడమ్మా. పచ్చడి ముద్ద కలిపి పక్కనోళ్ళ ఆకులో వేసేవాడు. ఇంకోళ్ళు పెడితే తినడం ఆయనకు చేతకాదు" అంది పెద్దమ్మ.

మనిషి రోజురోజుకూ చిక్కిపోతున్నాడు. చివరికి డాక్టరమ్మ, ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేద్దామంది. ఆమె తప్పేమీ లేదు. గొట్టం ఎందరి ప్రాణాలో కాపాడింది, నా చేతులతోనే ఎన్నో వేశాను. కానీ చెయ్యి కాస్త కదిలిందంటే చాలు, ఈయన దాన్ని పీకేస్తాడని నాకు తెలుసు. పీకకుండా చేతులు కట్టాలి. తన చేత్తో తింటానన్న మనిషికి చేతులు కట్టేసి గొట్టంలో గంజి పొయ్యాలి.

పెద్దమ్మ మాత్రం ఒకటే అడిగింది. "అది వేశాక మళ్ళీ తీస్తారా?"

"మింగుడు బాగైతే తీస్తం పెద్దమ్మా" అన్నాను. బాగవుతుందని మాత్రం అనలేకపోయాను.

గొట్టం వేయాలనుకున్న రోజు పొద్దున క్యానులో పాలు విరిగిపోయాయి. ఎండలు అట్లా ఉన్నాయి మరి. పెద్దమ్మ కొడుకును తిట్టి, ఎండను తిట్టి, చివరికి విధిలేక ఆయనకు నీళ్ళతోనే బిళ్ళ వేసింది. మా గదిలో ఆరోజు చాయ్ లేదని మేమూ దిగాలుపడ్డాం.

ఇంకో గంటకు నేను ఆయనకు ఒళ్ళు తుడుద్దామని వెళ్ళాను. తడిబట్ట ముఖం మీద పెట్టానో లేదో, ఆ చెయ్యి లేచింది. నిదానంగా, వణుక్కుంటూ లేచి నా చేతిలోని బట్ట లాక్కుంది. పెద్దాయన తన ముఖం తనే తుడుచుకున్నాడు. చెవుల వెనక కూడా తుడుచుకున్నాడు.

"నీళ్ళు చల్లగున్నాయి" అన్నాడు. నాలుగు మంచాల అవతలికి వినపడింది.

నేను అరిచిన అరుపుకు ఆయమ్మ చీపురు పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. పెదవి దాటితే పృథివి దాటుతుందన్నట్టు కాసేపట్లో దవాఖానంతా తెలిసిపోయింది. డాక్టరమ్మ వచ్చి ముందు చెంచాడు నీళ్ళు ఇచ్చి మింగడం చూసింది. తర్వాత గడ్డం కాస్త కిందికి వంచి, మెత్తటి అన్నం చారుతో చిన్న చిన్న ముద్దలు తిననిచ్చింది. ఆయనే తిన్నాడు. సగం మీద పడ్డది, సగం లోపలికి పోయింది. పొలమారలేదు. గొట్టం సంగతి పక్కకు పోయింది.

ఇక చూడండి, ఆ ఘనత ఎవరిదన్నది తేలాలి కదా. డాక్టరమ్మ తను పెంచిన డోసు పనిచేసిందంది. ఆయమ్మ తను నువ్వులనూనెతో కాళ్ళు రుద్దిన సంగతి గుర్తుచేసింది. పెద్దమ్మ మొక్కుకున్న దేవుళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పింది. నేను పైకి ఏమీ అనలేదు గానీ, రోజూ చేతులూ కాళ్ళూ వంచి చేయించిన కసరత్తు వల్లేనని మనసులో గట్టిగా అనుకున్నాను. కాకి వాలడానికీ తాటిపండు పడటానికీ మధ్య ఎన్ని కాకులం ఉన్నామో!

ఆ సాయంత్రం కొడుకు మంచి పాలు తెచ్చాడు.

మర్నాడు పొద్దున పెద్దాయన మళ్ళీ కర్ర. చెయ్యి లేవలేదు, మాట లేదు, ముద్దకు పెదాలు విచ్చుకోలేదు. ముందురోజు జరిగింది మేమందరం కలిసి కన్న కల ఏమో అనిపించింది. ఆయమ్మ, "దిష్టి తగిలిందే పెద్దమ్మా, నిన్న అందరు వచ్చి చూసిరి గద" అంటూ ఉప్పూ మిరపకాయలూ పట్టుకొచ్చి వార్డులోనే దిష్టి తీయబోయింది. మిరపకాయలు కాలిస్తే దమ్ము పేషెంట్లు దగ్గి చస్తారని నేను ఆపాల్సి వచ్చింది. డాక్టరమ్మ ముఖం చిన్నబోయింది. మరుసటి పొద్దుదాకా చూసి ఇక గొట్టం వేయక తప్పదంది.

సాయంత్రం ఆఖరి బిళ్ళ కూడా పడ్డాక పెద్దమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఏడుస్తోంది. ఆమె అట్లా కూర్చోవడం నేను మొదటిసారి చూశాను. పక్కన కూలబడ్డాను. నాకు ఏడ్చేవాళ్ళను ఊరడించడం అంతగా రాదు. ప్రశ్నలు వేయడం వచ్చు.

"ఏడుపు బందుజెయ్యి పెద్దమ్మా. నిన్న పొద్దున లేచినకాన్నుంచి ఏమేం జేసినవో చెప్పు. ఒక్కటి ఇడువకు."

"ఏం చేశానమ్మా? లేపాను. మొహం కడిగాను. బిళ్ళ వేశాను. పాలు కూడా లేకపోయె, వట్టి నీళ్ళతోనే వేశాను పాపం."

నేను ఆమె వైపు తిరిగాను. "పాలు కూడా లేకపోయె అంటే? రోజు పాలతోని ఇస్తున్నవా బిళ్ళ?"

"ఇవ్వనా మరి? అంత వేడి మందు వట్టి కడుపున పడితే పేగులు మాడిపోవూ? జబ్బొచ్చిన కాణ్ణించీ బిళ్ళకో గ్లాసు. మూడు పూటలా."

"డాక్టరమ్మ అడిగితే ఖాళీ కడుపున అంటివి గద!"

ఆమె నావైపు వింతగా చూసింది. "ఖాళీ కడుపేగా సిస్టరమ్మా? పాలు తిండి కాదుగా! మా అత్తగారు ఏకాదశికి మూడు గ్లాసులు తాగేది. ఏనాడూ ఉపవాసం చెడలేదు."

ఒక్క క్షణం నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. మన ఇళ్ళలో ఒక్కపొద్దు ఉన్నవాళ్ళను ఏమైనా తిన్నారా అంటే ఏమీ లేదు, పాలు తాగాను అంటారు. డాక్టరు అడిగింది ఒకటి, ఇల్లాలు విన్నది ఇంకొకటి, ఇద్దరూ నిజమే చెప్పుకున్నారు. మధ్యలో ఆ బిళ్ళ చిక్కుకుపోయింది.

డాక్టరమ్మకు చెప్పాను. ఆమె నుదురు కొట్టుకుని నవ్వింది. "పాలు తాగారా అని విడిగా అడగాలని నాకు తట్టనే లేదు సిస్టర్" అంది. వెంటనే నిజామాబాద్ డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన కూడా, ముందు పాలు మాన్పించి చూడండి, డోసు సంగతి తర్వాత అన్నాడట. డాక్టరమ్మ వచ్చి పెద్దమ్మ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

"అమ్మా, బస్సుకు ఒకటే డోర్ అనుకోండి. పాలలో ఉండే ప్రోటీన్, ఈ బిళ్ళలో మందు, రెండూ ఆ డోర్‌లోంచే ఎక్కి మెదడుకు పోవాలి. పాలు ముందే ఎక్కి సీట్లన్నీ ఆపేస్తే, మందు కింద నిలబడిపోతుంది."

బాన్సువాడ బస్టాండు పెద్దమ్మకు కొత్త కాదు. "కిటికీలోంచి కర్చీఫులు వేసేస్తున్నాయన్నమాట" అంది.

"అదే, అంతే!" అంది డాక్టరమ్మ సంబరంగా.

కానీ పెద్దమ్మ నవ్వలేదు. ఆమె ముఖం చూస్తే నాకు భయం వేసింది. "అయితే ఇన్నాళ్ళూ ఆయన్ని నేనే బిగించి పడేశానా తల్లీ?" అంది.

డాక్టరమ్మ, జబ్బు జబ్బే, మీరు తెచ్చింది కాదు, నెమ్ము వల్ల కూడా బిగుసుకున్నాడు, పాలొక్కటే కారణం కాదు అని నెమ్మదిగా చెప్పింది. అన్నీ నిజాలే. పెద్దమ్మ తలూపింది. ఒక్కటీ లోపలికి పోలేదని చూస్తేనే తెలుస్తోంది. నేను ఇంటికి పోయేదాకా ఆమె ఆయన మంచం వైపు తిరగకుండా, కిటికీ వైపు చూస్తూ నిలబడింది.

మర్నాడు నేను పొద్దున డ్యూటీకి కాస్త ముందే వెళ్ళాను. ట్రేలో గొట్టం, జెల్లీ, ప్లాస్టరు సిద్ధంగా ఉన్నాయి. పెద్దమ్మ ఒక చేతిలో బిళ్ళ, ఒక చేతిలో నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడింది. కొడుకు తెచ్చిన పాలు పక్కన బల్ల మీద పొగలు కక్కుతున్నాయి. ఆమె చూపు మాటిమాటికీ అటే పోతోంది.

"వట్టి నీళ్ళేనా సిస్టరమ్మా?"

"వట్టి నీళ్ళే."

"కొంచెం... ఒక్క గుక్క?"

"గుక్క లేదు, చుక్క లేదు."

ఆమె బిళ్ళ వేసింది. నీళ్ళు పట్టింది. తర్వాత పాలగ్లాసు తీసి నా చేతిలో పెట్టేసింది. "నువ్వు తాగేయమ్మా. అది ఎదురుగా ఉంటే నా చెయ్యి ఊరుకోదు."

డ్యూటీలో తాగకూడదు. తాగాను. మూతికి అంటిన మీగడ తుడుచుకుని పక్క పేషెంటు దగ్గరికి పోయాను. ఆ పొద్దు వార్డులో ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నట్టు నటించారు గానీ, ఒక్కరి కళ్ళూ వాళ్ళ పని మీద లేవు. ఆయమ్మ ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది. డాక్టరమ్మ ఎప్పుడూ లేనిది మా వార్డు నుంచే రౌండ్స్ మొదలుపెట్టింది. నేను ట్రే వైపు చూడకూడదనుకుంటూనే చూశాను.

ముందు కాలి వేళ్ళు కదిలాయి. దుప్పటి కింద కదిలితే ఎలుక అనుకున్నాను. తర్వాత మోకాలు. కాసేపటికి పెద్దాయన మంచం పట్టె పట్టుకుని తనంతట తను పక్కకు తిరిగాడు. లేపి కూర్చోబెట్టమన్నట్టు చెయ్యి చాపాడు. ఆయమ్మ వెళ్ళి పట్టుకుంది. "అబ్బో, ఇయ్యాల బరువు తగ్గినవే పెద్దయ్యా!" అంది. బరువు తగ్గలేదు, ఆయన కూడా లేస్తున్నాడు. అంతే తేడా.

డాక్టరమ్మ మింగుడు చూసింది. నేను ట్రే తీసుకుపోయి బీరువాలో పెట్టేశాను. ఆ బీరువా తలుపు నేను అంత గట్టిగా ఎన్నడూ వేయలేదు.

మెత్తటి అన్నం, చారు. పెద్దాయన కలిపాడు. చెయ్యి వణుకుతోంది, మెతుకులు రాలుతున్నాయి. ఎవరూ సాయం పట్టలేదు. గడ్డం వంచి మింగు, తొందర లేదు అని మాత్రం నేను చెప్తున్నాను. ఒక ముద్ద తిన్నాడు. రెండోది తిన్నాడు. తర్వాత ఆగి చుట్టూ వెతికాడు. పెద్దమ్మ కిటికీ దగ్గరే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, భుజాలు కదులుతున్నాయి. సంతోషానికి ఏడుస్తోందని ఆయమ్మ అనుకుంది. అది సంతోషం కాదని నాకు తెలుసు. పెద్దాయనకూ తెలిసింది. నిన్న డాక్టరమ్మ చెప్పింది, పెద్దమ్మ అడిగింది, ఆ మంచం మీద కదలకుండా పడుకుని అంతా విన్నాడు కదా.

"ఇదిగో" అన్నాడు భార్యతో.

ఆమె తిరిగింది.

"రాత్రికి పాలు... ఇస్తావుగా?"

ఆమె డాక్టరమ్మ వైపు చూసింది. బిళ్ళకూ పాలకూ మధ్య ఎడం ఉంటే రాత్రి పూట తాగొచ్చని డాక్టరమ్మ తలూపింది.

"మీగడతో" అన్నాడు పెద్దాయన. మళ్ళీ ముద్ద కలుపుకున్నాడు.

అప్పుడు పెద్దమ్మ ఆయన మంచం దగ్గరికి వచ్చింది. డాక్టరమ్మా నేనూ చెప్పిన అన్ని మాటలూ చేయలేని పని ఆ మీగడ చేసింది. నేను నర్సుల గదిలోకి పోయి కాసేపు కూర్చోవాల్సి వచ్చింది.

అమ్మాయిలూ, ఆయనకు జబ్బు పోలేదు. అది పోయే జబ్బు కాదు. మందు పనిచేసే వేళలు, పనిచేయని వేళలు రెండూ ఉంటాయి. పనిచేసే వేళలోనే తిండి, నడక పెట్టుకోవాలని వాళ్ళకు నేర్పించి పంపించాం. బిళ్ళ పడ్డ తర్వాత కాసేపు ఆగి తిండి, పప్పూ పాలూ లాంటివి ఎక్కువగా రాత్రికి. మీ పేషెంట్లకు ఏది ఎట్లా అన్నది మీ డాక్టర్లు చెప్తారు, నా కథ విని మార్చకండి. నేను చెప్పేది ఒక్కటే. తిన్నావా అని అడిగి ఊరుకోకండి. లేచినప్పటి నుంచి గొంతులోంచి ఏమేం దిగింది అని అడగండి. పాలు, చాయ్, మజ్జిగ, తీర్థం, అన్నీ అప్పుడు బయటికొస్తాయి.

రిటైరయ్యాక ఒకసారి బీర్కూర్‌లో పెళ్ళికి పోతూ దారిలో ఆ క్యాంపు దగ్గర బస్సు దిగాను. పెద్దాయన వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. చాలా నిదానంగా, కుర్చీ చేతులు పట్టుకుని, కానీ తనే లేచాడు. పెద్దమ్మ లోపలికి పరుగెత్తి గ్లాసు నిండా పాలతో వచ్చింది. నేను చెయ్యి చాపాను. ఆమె గ్లాసు వెనక్కి లాక్కుంది.

"ఏమన్నా బిళ్ళలు వాడుతున్నావా అమ్మా?"

"థైరాయిడ్‌ది ఒకటి, పొద్దున్నే" అన్నాను.

"వేసుకుని ఎంతసేపైంది?"

"శానసేపైంది పెద్దమ్మా."

ఆమె నమ్మినట్టు లేదు. గ్లాసు ఇంకా తన దగ్గరే ఉంది. ఆ క్యాంపులో ఆమె ఇప్పుడు ఎవరికి పాలు పోసినా ముందు ఈ పరీక్ష ఉంటుందని తర్వాత తెలిసింది. నేను పెద్దాయన వైపు చూశాను. కదలని ఆ ముఖంలో నోటి పక్కన ఒక చిన్న ముడత పడింది. నవ్వుతున్నాడు.

"గడియారం చూసి చెప్పమ్మా" అన్నాడు. "లేకపోతే ఆ గ్లాసు నీ దాకా రాదు."